లచ్చక్క పిల్లి తరఫున సాక్ష్యం

అడిగినవాళ్లకు

పశువైద్యంలో చేరబోతున్న పిల్లలు ఈమధ్య అప్పుడప్పుడు మా ఇంటికి వస్తున్నారు. రాగానే అడిగేది, "మేడం, మొదటి పోస్టింగ్ ఎక్కడైతే బాగుంటుంది?" అని. ఎక్కడైనా పేడ వాసన ఒకటే అని చెప్తాను. వాళ్లు నవ్వుతారు. నేను నవ్వించడానికి చెప్పలేదని మొదటి వానాకాలంలోనే వాళ్లకు తెలిసిపోతుంది.

మాది కల్లూరు. ఉద్యోగం ఎర్రుపాలెంలో మొదలై భద్రాచలంలో ముగిసింది. ఏ ఏడు ఏ మెట్టు ఎక్కానో రాయను, చదివేవాళ్లకు నిద్ర వస్తుంది. ఎర్రుపాలెం వైపు గేదెలు, పాడి. భద్రాచలం వైపు మేకలు, కోళ్లు, దుక్కిటెడ్లు, గోదారి పొంగినప్పుడు మెరక మీదికి తోలుకొచ్చిన మందలు. పిల్లి కోసం పశువుల దవాఖానాకు వచ్చే మనుషులు మా వైపు చాలా తక్కువ. పాలిచ్చేదీ కాదు, బండి లాగేదీ కాదు, దానికి డాక్టరెందుకు అనుకుంటారు. అయినా మీరు నన్ను ఒక్క కేసు చెప్పమంటే నేను చెప్పేది పిల్లి కేసే. మిగతా ఉద్యోగమంతా నేర్చుకున్నది ఆ ఒక్క రోజు పనికొచ్చింది.

మా పెద్ద సారు

దానికంటే ముందు మా పెద్ద సారు గురించి చెప్పాలి. ఎర్రుపాలెంలో నా పై అధికారి. మంచి మనిషి అని చెప్పను. రైతుల ముందే కేకలు వేసేవాడు, అందులోనూ ఆడ డాక్టరంటే ఆయనకు మొదట్లో గురి లేదు. ఒకసారి ఒక గేదె ఉన్నట్టుండి పాలివ్వడం మానేసింది. దగ్గరికెళితే తన్నుతోంది. నేను సూది మందు సిద్ధం చేసుకుని నిలబడ్డాను. ఆయన వచ్చి గేదె వంక చూడనైనా చూడకుండా కొట్టం చుట్టూ తిరిగాడు. కప్పు మీద ఒక రేకు వదులై, గాలి వచ్చినప్పుడల్లా టపటపా కొట్టుకుంటోంది. తీగ తెప్పించి ఆ రేకును కట్టించాడు.

"సూది లోపల పెట్టమ్మా. ముందు అది నిలబడ్డ చోటు చూడు, తర్వాత దాన్ని చూడు" అని అందరి ముందూ అరిచాడు. మర్నాటికి గేదె పాలిచ్చింది. నాకు ఆయన మీద కోపం చాలా కాలం పోలేదు. ఆయన చెప్పిన మాట మాత్రం అప్పుడే పట్టుకున్నాను. కోపం వచ్చిందని పాఠం వదులుకోవద్దని మీకూ చెప్తున్నాను.

గోనెసంచి

నేను రిటైరయ్యే ఏడాది, వానాకాలంలో ఒక పొద్దున లచ్చక్క దవాఖానా మెట్ల మీద కూర్చుని ఉంది. చర్ల అవతల అడవిలో ఉన్న కోయ పల్లె ఆమెది. ఇంత పొలం, కొన్ని మేకలు, ఎండాకాలం తునికాకు, ఇప్పపువ్వు. ఆమె మేకలకు పారుడు రోగం పట్టుకున్నప్పుడు నేనే వెళ్లి మందు వేశాను. యాభై ఏళ్లుంటాయేమో, నవ్వుతూ మాట్లాడే మనిషి. ఆ రోజు మొహం పీక్కుపోయి ఉంది.

"డాక్టరమ్మా, మా పిల్లిని ఫారెస్టోళ్లు పట్టుకపోయిండ్రు."

"పిల్లినా? పిల్లినెందుకు పట్టుకపోతరు లచ్చక్కా?"

"అది అడవిపిల్లి అంటున్నరు. అమ్మనీకి తీసుకపోతున్నవ్ అంటున్నరు. నేనేడ అమ్ముత? నా బిడ్డ కాడికి తీసుకపోతున్న."

ఆమె కూతురు సుజాత మణుగూరులో ఉంటుంది. అల్లుడికి బొగ్గు గనిలో కాంట్రాక్టు పని. కిరాయి ఇల్లు, ఒకటే గది, గోడల నిండా పందికొక్కుల బొరియలు. సుజాతకు మొదటి కాన్పు అయ్యి రెండో నెల నడుస్తోంది. ఆ పసిబిడ్డ చాప మీద నిద్రపోతుంటే ఎలుక మడమ కొరికింది. దవాఖానాకు తీసుకుపోయి సూది వేయించారు, పుండు మానుతోంది. తల్లి భయం మాత్రం మానలేదు.

"అప్పటిసంది బిడ్డను కిందికి దించుతలేదు డాక్టరమ్మా. మంచం మీద పెట్టదు, ఉయ్యాల్ల పెట్టదు. ఒళ్లో పట్టుకొని కూసోనే కునుకుతది. చేతులకెల్లి జారుతదేమోనని మళ్లా ఉలిక్కిపడి లేస్తది. పాలు సుత తగ్గినయి. గిట్లనే ఉంటే దానికి పిచ్చి లేస్తది."

"ఎలుకల మందు పెట్టలేదా?"

"పసిబిడ్డ ఉన్న ఇంట్ల మందు పెడ్తరా? అల్లుడు జిగురు అట్టలు తెచ్చిండు. పందికొక్కు అట్టతోనే పోయింది."

అందుకని ఊళ్లో ఎలుకలు పట్టడంలో పేరున్న తన పిల్లిని కూతురి దగ్గరికి బయల్దేరదీసింది. పిల్లికి ఇల్లు మార్చాలంటే మా వైపు ఒక పద్ధతి ఉంది. గోనెసంచిలో వేసి మూతి కడతారు. దారి చూసిందంటే ఎంత దూరం నుంచైనా పాత ఇంటికే వచ్చేస్తుందని నమ్మకం. గడప దాటాక సంచిని మూడుసార్లు గుండ్రంగా తిప్పుతారు, దిక్కులు మరిచిపోవాలని. మా అమ్మా అలాగే చేసేది. లచ్చక్క ఏ లోటూ లేకుండా అన్నీ చేసి భద్రాచలం బస్సు ఎక్కింది.

కళ్లు తిరిగిన పిల్లి బస్సులో ఊరుకుంటుందా? సంచిలోంచి ఏడుపు మొదలుపెట్టింది. పక్కవాళ్లు లేచి నిలబడ్డారు. ఫారెస్టు చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగగానే సెక్షన్ ఆఫీసరు లోపలికొచ్చి సంచి మూతి విప్పాడు. అది ఆయన చెయ్యి మోచేతి దాకా చీరి సీటు కిందికి దూరింది. వల తెచ్చి పట్టారు. చూస్తే గోధుమ రంగు ఒళ్లు, కాళ్ల మీద చారలు, పొట్టి తోక. అడవి వైపు నుంచి వస్తున్న బస్సు, మూతి కట్టిన గోనె. ఆయన స్థానంలో నేనున్నా అదే అనుకునేదాన్ని.

"రెండు దినాలసంది బస్టాండులనే పండుకుంటున్న. కుక్కల షెడ్డుల పెట్టిండ్రు దాన్ని. నన్ను గేటు కాడనే ఆపుతున్నరు. ఇయ్యాల జీపు వస్తదంట, లోపలి అడవిల ఇడిసిపెడ్తరంట" అంది లచ్చక్క. ఆ తర్వాత ఏడ్చింది. ఆమె ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

కుక్కల షెడ్డు

దానికి బోర్డు మీద పొడుగాటి పేరుంది, జంతువుల సంరక్షణ కేంద్రం అని. ఊళ్లో అందరికీ కుక్కల షెడ్డే. అక్కడి డాక్టరు కిరణ్ నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు. శ్రద్ధ ఉన్నవాడు. మమ్మల్ని చూడగానే ఎదురొచ్చాడు. సెక్షన్ ఆఫీసరు సత్యం గారు కూడా అక్కడే ఉన్నారు, మోచేతి దాకా కట్టు కట్టుకుని.

బోనులో పిల్లి ఒక మూలకు అంటుకుపోయి, చెవులు వెనక్కి వంచి, పళ్లు చూపిస్తోంది. చెయ్యి అంత దూరంలో ఉండగానే బుస్సుమంది.

"చూడండి మేడం, కాళ్ల చారలు, పొట్టి తోక. చికెన్ పెట్టినా ముట్టలే. ఇంటి పిల్లయితే ఈపాటికి తినాలె కదా" అన్నాడు కిరణ్.

"నా చెయ్యి సుత చూడండ్రి. ఇంటి పిల్లి గిట్ల చీరుతదా?" అన్నారు సత్యం గారు.

"సంచిలో వేసి మూడుసార్లు తిప్పితే మీరు మాత్రం చీరరా సారూ?"

ఆయన నవ్వలేదు. "నేను కేసు రాయకుండ ఆగిన మేడం. ముసలవ్వ గదా, తెల్వక తెచ్చిందని."

"ముసలవ్వనా?" అంది లచ్చక్క వెనక నుంచి. భయంలో కూడా ఆ మాట ఆమెకు నచ్చలేదు.

నిజం చెప్పాలంటే మొదటి చూపులో నాకూ అనుమానమే కలిగింది. అడవి అంచు పల్లెల్లో ఇంటి పిల్లులూ అడవిపిల్లులూ కలవడం కొత్త కాదు. అదే లచ్చక్కను అడిగాను. "దాని తల్లి మా అటక మీదనే ఈనింది. తండ్రి సంగతి నాకేం ఎరుక?" అంది. న్యాయమైన జవాబే.

సత్యం గారి ఉద్దేశం చెడ్డది కాదు. అడవిది అడవికి చేరాలన్నది ఆయన పట్టుదల. అలాంటి ఆఫీసర్లు ఇంకా ఉండబట్టే అక్కడ అడవి మిగిలింది. కానీ ఇంటి కప్పు కింద పెరిగిన పిల్లిని లోపలి అడవిలో వదిలితే ఏమవుతుందో కూడా ఆలోచించాలి. నక్కో, రేచుకుక్కల గుంపో చూసేదాకానే దాని బతుకు. ఇక్కడ ఒకరి మంచి పని ఇంకొకరి ప్రాణం మీదికి వస్తోంది. ఉద్యోగంలో కష్టమైనవి ఇలాంటివే. చెడ్డవాళ్లతో పోట్లాడటం సులువు.

అప్పుడు పిల్లిని వదిలేసి అది ఉన్న చోటు చూశాను. మూడు పక్కలా కుక్కల గదులు. ఒకటి ఆపితే ఇంకొకటి మొరుగుతోంది. బోనులో దాక్కోవడానికి చిన్న అట్టపెట్టె కూడా లేదు. అడవిపిల్లి దొరికిందట అని ఊళ్లోవాళ్లు వచ్చి ఫోన్లతో ఫొటోలు తీసుకుంటున్నారు. ఆ బోనులో నన్ను పెట్టినా అన్నం ముట్టను.

"సత్యం గారూ, నాకు ఒక గంట టైమ్ ఇవ్వండి. జీపు వస్తే ఆపండి. ఆ తర్వాత కూడా ఇది అడవిపిల్లేనని నాకు అనిపిస్తే, నేనే దగ్గరుండి జీపు ఎక్కిస్తాను."

లచ్చక్క నా వంక చూసిన చూపు మరిచిపోలేను. నేను ఆమె వైపా, వాళ్ల వైపా అని అడుగుతున్నట్టుంది. నేను పిల్లి వైపు ఉన్నానని అప్పుడు చెప్పే వీలు లేకపోయింది.

సత్యం గారు వాచీ చూసుకుని, "గంటనే" అన్నారు.

ఏమీ చేయకుండా కూర్చోవడం

బోనును దాణా బస్తాలు పెట్టే గదిలోకి మార్చాం. ఆ గది వెనక ఉంది, కుక్కల అరుపులు అక్కడికి సగమే వినిపిస్తాయి. కిటికీ మూయించాను. బోను మీద కప్పడానికి లచ్చక్క గోనెసంచి అడిగాను. "అది పట్టుకున్న సామాను మేడం" అని సత్యం గారు కాసేపు నసిగి, చివరికి తెచ్చిచ్చారు. దానికి లచ్చక్క ఇంటి వాసన ఉంటుంది, నాకు కావలసింది అదే. బోను కప్పేసి, ఎవరూ దాని వంక చూడొద్దని చెప్పి, అందరం గోడకానుకుని కూర్చున్నాం. సత్యం గారి చేత ఫోను ఆపించాను.

పిల్లలూ, మన పనిలో అన్నిటికంటే కష్టం ఇదే. చేతిలో మందుండగా, పక్కన పై అధికారి నిలబడి ఉండగా, ఏమీ చేయకుండా కూర్చోవడం. చూసేవాళ్లకు మనకు పని రాదేమో అనిపిస్తుంది. అనిపించనివ్వండి.

కొంతసేపటికి కిరణ్ కాళ్లు కదపడం మొదలుపెట్టాడు. కళ్లతోనే కోప్పడ్డాను. బయట ఏదో బండి ఆగిన చప్పుడైంది. జీపు వచ్చినట్టుంది. లచ్చక్క కదలకుండా ఉండలేక, తన చేతిసంచిలోంచి కూతురి కోసం తెచ్చిన ఎండుచేపల పొట్లం తీసి, ఇంట్లో చేసే పనే చేయడం మొదలుపెట్టింది. ఒక్కొక్క చేప తల తుంచి పక్కన పెడుతోంది. తుంచుతూ కోయ భాషలో తనలో తను ఏదో గొణుక్కుంటోంది. నాకు ఆ భాష అంతగా రాదు. గొంతు మాత్రం వంట చేసుకుంటూ పిల్లల్ని కసిరే తల్లి గొంతు.

గోనె కింద కదలిక వచ్చింది. ముందు ముక్కు కనిపించింది, తర్వాత ఒక కన్ను. ఆ తర్వాత సన్నగా, బొంగురుపోయిన గొంతుతో ఒక్కసారి మ్యావ్ అంది. లచ్చక్క దాని వంక చూడలేదు, గొణుగుడు ఆపలేదు. ఒక చేప తల బోను జాలి దగ్గర పెట్టింది. అది లాక్కుని కరకర నమిలేసింది. రెండోది కూడా తిన్నాక జాలికి బుగ్గ ఆనించి రుద్దుకోవడం మొదలుపెట్టింది.

నేను మెల్లగా బోను తలుపు తీశాను. అది నేరుగా లచ్చక్క ఒళ్లోకి ఎక్కి కూర్చుంది. గురగుర మొదలైంది.

"గిదేంది, మోటరు లెక్క మోగుతున్నది?" అన్నారు సత్యం గారు గుసగుసగా. అడవిలో ఇన్నేళ్లు తిరిగిన మనిషి, ఎప్పుడూ ఇంట్లో పిల్లిని పెంచలేదట.

మచ్చికైనంత మాత్రాన ఇంటి పిల్లి అని రాయలేను. పిల్లగా ఉన్నప్పుడు తెచ్చి పెంచితే అడవిపిల్లి కూడా మచ్చికవుతుంది. అందుకని దాని వీపు మీద చెయ్యి వేసి, నెమ్మదిగా తోక దాకా తడుముకుంటూ పోయాను. అడవిపిల్లి తోక పుట్టుకతోనే పొట్టి. కానీ చివరికి పోయేకొద్దీ సన్నబడి, నల్లటి కొసతో ముగుస్తుంది. దీని తోక మొద్దుగా ఆగిపోయింది. చివర ఎముక నలిగి, మానిపోయి, బఠాణీ అంత బుడిపె కట్టింది. దాని మీద వెంట్రుక లేదు.

"తోకకు ఏమైంది లచ్చక్కా?"

"పిల్లగున్నప్పుడు తలుపు సందుల పడ్డది. గాలికి తలుపు దబాల్న కొట్టుకున్నది. సగం తెగి ఊడిపోయింది. పసుపు పెట్టి కట్టిన."

కిరణ్ చెయ్యి పట్టుకుని ఆ బుడిపె మీద పెట్టాను. వాడు రెండుసార్లు తడిమాడు. "నేను దూరం నుంచి చూసి పొట్టి అనుకున్న మేడం. పట్టుకొని చూడలే."

"అప్పుడు పట్టుకుని ఉంటే నీకూ సత్యం గారి లాంటి కట్టే ఉండేది. ఆ బోనులో దాన్ని ఎవరూ పట్టుకోలేరు, నేనైనా అంతే" అన్నాను. వాడి మొహం కాస్త తేలికపడింది.

సత్యం గారు ఒంగి ఆ బుడిపెను దగ్గరగా చూశారు. తర్వాత, "పై ఆఫీసర్లకు అడవిపిల్లి అని చెప్పేసిన. ఇప్పుడేం చెప్పాలె?" అన్నారు.

"నేను పరీక్ష చేసి ఇంటి పిల్లి అన్నానని చెప్పండి. రేపు ఏదైనా తేడా వస్తే నా పేరే చెప్పండి."

"మీరు రిటైరయి పోతున్నరు గదా మేడం?"

"అందుకే ధైర్యంగా చెప్తున్నా."

ఆ రోజు ఆయన మొదటిసారి నవ్వారు. తర్వాత లచ్చక్క ముందు గొంతుక్కూర్చుని, "అక్కా, మేం పొరపడ్డం. నీ పిల్లిని నువ్వు తీసుకపో" అన్నారు. పెద్ద పెద్ద అధికారుల కింద పనిచేశాను నేను. పొరపడ్డాం అనే మాట అడవి పల్లె మనిషి ఎదుట అన్నవాళ్లు బహు కొద్దిమంది. ఆ ఒక్క మాటతో ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

లచ్చక్క పిల్లి మెడలో మొహం పెట్టుకుని కూర్చుంది. నేను దాణా బస్తా మీద చతికిలబడ్డాను. ఇంత హాయిగా ఊపిరి పీల్చుకుని ఎన్నాళ్లయిందో అనుకున్నాను.

మణుగూరు

బయట జీపు ఉండనే ఉంది. "ఎట్లయినా వచ్చింది గదా, మణుగూరుల దింపి రమ్మంట" అన్నారు సత్యం గారు. కిరణ్ ప్లాస్టిక్ బుట్ట ఒకటి ఇవ్వబోయాడు. లచ్చక్క ఒప్పుకోలేదు. జాలి తలుపులోంచి దారి చూస్తుందట, రేపటికల్లా చర్ల బాట పడుతుందట. చివరికి బుట్ట మీద గోనె కప్పడానికి రాజీ కుదిరింది. గేటు దగ్గర ఆమె బుట్టను తిప్పబోతే, "ఒక్కసారే చాలు లచ్చక్కా, మళ్లీ మొదటికొస్తుంది" అని బతిమాలాను. నేనూ జీపు ఎక్కాను. అక్కర లేదు నిజానికి. వెళ్లి చూడాలనిపించింది.

సుజాత గుమ్మంలోనే నిలబడి ఉంది, బిడ్డను భుజం మీద వేసుకుని. కళ్లు ఎర్రగా, చుట్టూ నల్లగా ఉన్నాయి. అల్లుడు షిఫ్టుకు పోయాడు. లోపల ఒకటే గది. గోడ బొరియల్లో పాత గుడ్డలు కుక్కి, ఇటుకలు అడ్డం పెట్టారు. చీరతో కట్టిన ఉయ్యాల ఖాళీగా వేలాడుతోంది.

"వచ్చినవా అమ్మా" అంది. అంతే, ఇంకేమీ అడిగే ఓపిక లేదు.

లచ్చక్క తలుపేసి బుట్ట తెరిచింది. పిల్లి పొట్ట నేలకు ఆనించి గోడ వెంబడే గది చుట్టూ తిరిగింది. ఇటుకల దగ్గర ఆగి వాసన చూసింది. మంచం కిందికి పోయి చీకట్లో కూర్చుంది. ఇక బయటికి రాలేదు. నాకు నిరుత్సాహంగా అనిపించింది. ఇంత చేసి తెస్తే ఇలా దాక్కుంటుందా అనుకున్నాను.

"ఇడిసిపెట్టుండ్రి, దానికి తెలుసు" అంది లచ్చక్క, పొయ్యి మీద టీ పెడుతూ.

కాసేపటికి బియ్యం బస్తాల వెనక గీరుతున్న చప్పుడైంది. సుజాత బిడ్డను గట్టిగా హత్తుకుంది. మంచం కింద నుంచి సన్నగా గుర్రుమనడం వినిపించింది. బస్తాల వెనక చప్పుడు ఆగిపోయింది. మళ్లీ రాలేదు.

సుజాత మంచం కింది చీకటి వైపు చాలాసేపు చూసింది. "ఉంటదా అమ్మా ఇది?"

"ఉంటది బిడ్డా."

ఆమె లేచి, బిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టింది. చెయ్యి బిడ్డ మీద నుంచి వెంటనే తీయలేదు. తర్వాత తీసింది. ఉయ్యాల తాడు పట్టుకుని కింద చాప మీద ఒరిగింది. లచ్చక్క నా చేతికి టీ గ్లాసు అందించేలోపే నిద్రపోయింది. తాడు మీది చెయ్యి జారి నేలమీద పడినా ఆమెకు తెలియలేదు. లచ్చక్క నా వంక చూసి పెదవుల మీద వేలు పెట్టింది. ఆమె కళ్లలో నీళ్లు, నా కళ్లలోనూ.

అప్పుడే కిటికీలోంచి జీపు డ్రైవరు కనిపించాడు. నన్ను పిలవడానికి హారన్ మీద చెయ్యి వేయబోతున్నాడు. టీ గ్లాసు కింద పెట్టి, మోకాళ్ల నొప్పుల సంగతి మరిచిపోయి, చెప్పులైనా వేసుకోకుండా, రెండు చేతులూ ఊపుకుంటూ వద్దు వద్దని జీపు దగ్గరికి పరుగెత్తాను.